టచ్ ఫోనుకూ ఒక రాత్రి బడి కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా వింజమూరు దగ్గర ఒక పల్లె. నాకు 53 ఏళ్లు, ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. మీ పేపరు మా వీధిలో ఒక్క ఇంటికే వస్తుంది, వాళ్లు చదివాక మధ్యాహ్నానికి నా దగ్గరికి చేరుతుంది, జిల్లా పేజీలు మాత్రం ఒక్క అక్షరం వదలకుండా చదువుతాను. ఈ మధ్య ఎప్పుడు చూసినా ఫోన్లో ఏదో లింకు నొక్కి డబ్బు పోగొట్టుకున్నారనే వార్త ఒకటి కనపడుతోంది. చివర్లో, అప్రమత్తంగా ఉండాలని పోలీసులు చెప్పారు అని ఉంటుంది. అప్రమత్తంగా ఉండాలంటే ముందు ఆ ఫోను ఏమిటో తెలియాలి కదండీ. యాభై అరవై ఏళ్లకు మొదటిసారి టచ్ ఫోను చేతికొచ్చిన వాళ్లకు దాన్ని ఎవరు నేర్పుతున్నారు? మా చుట్టుపక్కల నేను చూసినంతలో ఎవరూ నేర్పడం లేదు. ఆ సంగతి రాద్దామనే కూర్చున్నా. ఉత్తరం కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఈ ఏడాది సంక్రాంతి దాకా నా దగ్గర ఉన్నది నోకియా బటన్ల ఫోను. 2012లో కొన్నది. బ్యాటరీ రెండుసార్లు మార్పించా, 5 అంకె 8 అంకె అరిగిపోయి కనపడేవి కావు, అయినా వేలికి తెలుసు ఏది ఎక్కడుందో. ఒకసారి చార్జింగ్ పెడితే నాలుగైదు రోజులు దాని ఊసే అక్కర్లేదు. అసలు మా ఊళ్లో మొదట తిరిగింది టార్చి ఉండే నోకియా 1100. 2003లో వచ్చిన ఫోను అది, ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిందంటారు, ఎందుకు పోదు? రాత్రిపూట కరెంటు ఇచ్చినప్పుడు మోటారు వేయడానికి పొలం పోయేవాళ్లకు గట్టు మీద పాముందో లేదో చూపించింది ఆ వెలుగే. అంతకుముందు మనకు ఎవరైనా ఫోన్ చేసినా మన డబ్బులే కోసేవాళ్లు, ఇన్‌కమింగ్ ఉచితమైంది కూడా ఆ 2003లోనే. అప్పటినుంచి పల్లెలకు ఫోను దగ్గరైంది. ఒక మిస్డ్ కాల్ ఇస్తే బస్సెక్కినట్టు, రెండిస్తే దిగినట్టు. అందరికీ అర్థమయ్యేది, ఎవరూ ఎవరికీ నేర్పాల్సిన పని లేకపోయింది. ఎత్తడానికి పచ్చ బటన్, పెట్టేయడానికి ఎర్ర బటన్. అక్షరం రాని వాళ్లు కూడా రంగును బట్టి వాడుకున్నారు.

మరి ఎందుకు మార్చావు అంటారా, పని పోతోంది కాబట్టి మార్చాను. ఇదివరకు జాకెట్టు కుట్టించుకునే వాళ్లు గుడ్డా ఆది జాకెట్టూ తెచ్చి ఇచ్చి, మెడ ఇట్టా పెట్టక్కా అని చేత్తో చూపించి పోయేవాళ్లు. ఇప్పుడు వీపు మీద ఏ డిజైన్ కావాలో ఫొటో పంపుతారు. "నీకు వాట్సాప్ లేదా అక్కా, మోడల్ ఎట్టా పంపేది" అని ఒకరు కాదు ఇద్దరు కాదు, చాలామంది అడిగి, వింజమూరులో ఇంకో షాపుకు పోయారు. డబ్బులు కూడా అంతే, "ఫోన్ పే కొట్టమంటావా" అంటారు, లేదంటే చిల్లర లేదని వాయిదా పడుతుంది. నిరుడు మాఘమాసం పెళ్లిళ్లలో నాకు వచ్చిన పని అంతకుముందు ఏటితో పోలిస్తే సగం కూడా లేదు. మద్రాసులో ఉద్యోగం చేసే మా అబ్బాయి పండగకు వస్తూ ఎనిమిదిన్నర వేలు పెట్టి ఫోను తెచ్చాడు. సంతోషమే. రెండు రోజులుండి వెళ్లిపోయాడు, వాడి సెలవు అంతే మరి.

ఇక్కడ మొదలైంది అసలు కష్టం. నా పాత సిమ్ పెద్దది, కొత్త ఫోనుకు గోరంత సిమ్ కావాలి. బజార్లో ఒక షాపుకు పోయాం. ఆ కుర్రాడు వేలిముద్ర వేయించుకుని కొత్త సిమ్ ఇచ్చాడు, పాతదాన్ని విరిచి చెత్తబుట్టలో వేశాడు. నా నంబర్లన్నీ ఆ పాత సిమ్‌లో ఉన్నాయి. పన్నెండేళ్లుగా చేర్చుకున్న నంబర్లు! కుట్టుపని వాళ్లవి కొన్ని నోట్‌బుక్‌లో రాసుకున్నా కాబట్టి మిగిలాయి. చీరాలలో ఉండే మా చిన్నమ్మ కూతురు నంబరు, మా నాన్నకు చివరి రోజుల్లో వైద్యం చేసిన నర్సమ్మ నంబరు, ఇంకా ఎవరెవరివో, పోయాయి. సిమ్ మార్చినంత మాత్రాన నంబర్లు వాటంతట అవి కొత్త సిమ్‌లోకి రావు, ముందే పాత ఫోన్‌లోకి కాపీ చేసుకోవాలి, లేదా పాత సిమ్ జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకోవాలి, లేదా ఒక పూట కూర్చుని కాగితం మీద రాసుకోవాలి అని ఆ షాపులో ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఇంకోటి, సిమ్ మార్చాక ఒక రోజు పాటు మెసేజ్‌లు ఆపేస్తారు, మన పేరుతో ఇంకెవరో సిమ్ తీసుకుని ఓటీపీలు కాజేయకుండా పెట్టిన నిబంధన అది, మంచిదే. కానీ ఆ సంగతి తెలియక ఆ రాత్రంతా ఓటీపీ రాలేదని, బ్యాంకు ఖాతాకు ఏదో అయిందని నాకు ఒకటే టెన్షన్.

ఫోను ఎత్తడం రాలేదండీ. నేను 10వ తరగతి పాసయ్యాను, రోజూ పేపరు చదువుతాను, నాకే రాలేదు. పచ్చ గుండ్రం కనపడుతుంది, నొక్కుతాను, మోగుతూనే ఉంటుంది. దాన్ని నొక్కకూడదు, వేలు పెట్టి పైకి లాగాలి అని రెండో రోజు సాయంత్రం పక్కింటి పిల్లాడు చూపించాడు. సరే అని లాగడం నేర్చుకుంటే, ఫోను చేతిలో పట్టుకుని ఏదో చూస్తున్నప్పుడు కాల్ వస్తే పైన చిన్న పట్టీలాగా వస్తుంది, అక్కడ మళ్లీ లాగకూడదు, నొక్కాలి. ఒకే పనికి రెండు పద్ధతులు. చిన్నప్పటినుంచి చూస్తున్న పిల్లలకు ఇది కంటికి కూడా ఆనదు, మాకు అదే గోడ. పైగా సూది గుచ్చుకుని గట్టిపడిన నా వేలు తెరకు సరిగా తెలియదు. పొగాకు రెలుపుకు పోయే ఆడవాళ్ల వేళ్లయితే జిగురు పట్టి నల్లగా బండబారిపోయి ఉంటాయి, వాళ్లు ఎంత నొక్కినా తెర పలకదు. చర్మంలో ఉండే కొద్దిపాటి తడిని, విద్యుత్తును బట్టి తెరకు వేలు పడిందని తెలుస్తుందట, ఎండిపోయిన మందపాటి చర్మం దానికి అందదు. తడిగుడ్డతో వేలు తుడుచుకుని, కాస్త ఆరాక, వేలి కొనతో కాకుండా మెత్తటి భాగంతో ముడితే పని చేస్తుంది. ఇది నేను నా అంతట కనిపెట్టుకున్నది.

మార్చి నెలలో ఒకరోజు మా వీధి చివర అత్త (వరసకు అత్త, 70 ఏళ్లుంటాయి) ఫోను చెంగులో చుట్టుకుని వచ్చింది. కొడుకు కువైట్‌లో డ్రైవరు. మా ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఊళ్లలో ఇల్లు విడిచి అలా వెళ్లిన వాళ్లు చాలామంది ఉన్నారు. కొడుకు ఎవరి చేతనో టచ్ ఫోను పంపించాడు, అమ్మ ముఖం చూడొచ్చని. "మే కోడలా, మూడు దినాల్నించి అబ్బోడు పిలస్తానే ఉండాడు, ఆడి బొమ్మ కనపడతాది, నేను నొక్కతానే ఉండా, ఆడేమో పలకడు" అని ఏడ్చింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె వేలు పట్టుకుని లాగడం చూపించాను, మా అబ్బాయి చేత నాలుగుసార్లు ఆమె ఫోనుకు కాల్ చేయించాను, నాలుగోసారి తనంతట తాను ఎత్తింది. అప్పుడామె ఒక మాటంది. "అప్పుడు పలక మీద నా పేరు రాయించినట్టే ఇదీ నేర్పిస్తివి గదమే."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. 1991లో మన జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు నాకు 19 ఏళ్లు, ఈ ఊరికి కొత్త కోడలిని. చదువుకున్నావు కదా చెప్పమ్మా అంటే రాత్రి బడిలో వాలంటీరుగా చేరాను. కూలికి పోయొచ్చి, వంట చేసి, పిల్లలకు పెట్టి ఎనిమిదింటికి వచ్చేవాళ్లు. లాంతరు వెలుగులో పదిహేను ఇరవై మంది. ఈ అత్తకు అప్పుడు 36 ఏళ్లు, వేలిముద్ర మాని సంతకం పెట్టిన రోజు ఆ పలకను ఇంటికి తీసుకుపోయి మూడు రోజులు తుడవలేదు. మాకు శిక్షణలో చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది, పెద్దవాళ్లకు అ ఆలతో మొదలుపెట్టొద్దు, వాళ్ల నోట్లో నలిగే మాటలతో మొదలుపెట్టండి, తప్పు చేస్తే నవ్వొద్దు, ఎవరినీ నవ్వనివ్వొద్దు అని. ఆ రాత్రి బళ్లలో అక్షరం నేర్చుకున్న ఆడవాళ్లే కదా సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. మాకు దగ్గర్లోని కలిగిరి మండలం దూబగుంటలో మొదలైన పోరు జిల్లా అంతా పాకింది, సారా వేలం పాటలు జరగనీయలేదు, 1993 అక్టోబరుకల్లా రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. నలుగురు ఆడవాళ్లు ఒక దీపం చుట్టూ కూర్చుని నేర్చుకుంటే ఎంత దూరం పోతుందో చూసిన జిల్లా మనది. అదే జిల్లాలో ఇవాళ అదే ఆడవాళ్ల చేతుల్లో ఫోన్లు పెట్టి, నేర్పేవాళ్లు లేకుండా వదిలేశాం.

అందుకని ఏప్రిల్ నుంచి మా వరండాలో వారానికి రెండు రాత్రులు కూర్చుంటున్నాం. మొదట నలుగురు, ఇప్పుడు పదకొండు మంది. ఫోను ఎత్తడమే మొదటి పాఠం. ఎవరికి ఎవరితో మాట్లాడాలనుందో వాళ్లకు చేయించడం, కొడుక్కో కూతురికో మనవరాలికో. సెట్టింగ్స్‌లో భాష తెలుగుకు మార్చి, అక్షరాలు పెద్దవి చేస్తే సగం భయం అక్కడే పోతుంది, ఎవరి ఇంట్లోనూ పిల్లలు ఆ పని చేసి ఇవ్వలేదంటే నమ్ముతారా! రాయడం రాని వాళ్లకు మైకు గుర్తు. తెలుగులో మాట్లాడితే అదే రాస్తుంది, గూగుల్ 2017 నుంచే తెలుగుకు ఆ సౌకర్యం ఇచ్చింది. మా వాళ్లు "యాడుండావు" అంటే అది ఇంకేదో రాస్తుంది, "ఎక్కడున్నావు" అంటే సరిగ్గా రాస్తుంది, కాబట్టి మన యాసలో చెప్పాలంటే వాట్సాప్‌లో గొంతే పంపించుకోవడం మేలని చెబుతున్నా. ఫొటోలు వాటంతట అవి డౌన్‌లోడ్ కాకుండా ఆపుకోవడం, డేటా వాడనప్పుడు ఆపేసుకోవడం ఇవన్నీ ఒక్క రాత్రిలో అయిపోయాయి. ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర అని వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది కదా, 95523 00009 నంబరు, అది కూడా సేవ్ చేయించా. మంచి పని, వింజమూరుకు ఆటో ఖర్చు మిగులుతుంది. కానీ వాట్సాప్ తెరవడం రాని మనిషికి అందులో ఎన్ని సేవలుంటే ఏం లాభం.

డబ్బు పాఠం మాత్రం నాలుగు రాత్రులు పట్టింది. పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, లేదా మన ఖాతాలో ఎంతుందో చూసుకోవడానికి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం ఒక్కొక్కరి చేత పదిసార్లు అనిపించాను. ఎందుకంత పట్టుదల అంటే మా పొదుపు సంఘంలో ఒక చెల్లెలికి జరిగింది చూశాను కాబట్టి. పీఎం కిసాన్ పేరుతో ఒక ఫైలు వచ్చింది, అదీ తెలిసిన వాళ్ల నంబరు నుంచే. వాళ్ల ఫోను ముందే పాడైంది, అందులోని నంబర్లన్నిటికీ అది తనంతట తానే పోతోంది, పాపం వాళ్లకూ తెలియదు. పేరు చివర ఏపీకే అని ఇంగ్లీషులో మూడు అక్షరాలుంటాయి. తెరిచి, అడిగిన ప్రతిదానికీ సరే సరే అని నొక్కింది. అలా నొక్కితే మన మెసేజ్‌లు చదివే అధికారం మోసగాళ్లకు ఇచ్చేసినట్టే, ఓటీపీ మన ఫోనుకు వచ్చినా వాళ్లకు కనపడుతుంది. 18 వేలు పోయాయి, బర్రెను కొందామని పెట్టుకున్న డబ్బు. ఇంట్లో తిడతారని నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. అప్పుడే ఇలాంటి మోసాల మీద ఫిర్యాదు చేసే నంబరు 1930కి ఫోన్ చేసి ఉంటే డబ్బు వాళ్ల చేతికి దక్కకముందే ఆపించే అవకాశం ఉండేది, ఎంత త్వరగా చేస్తే అంత మంచిదంటారు. ఆమెకు ఆ నంబరు తెలియదు, నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ తెలియదు. ఇప్పుడు మా వరండా గోడ మీద బొగ్గుతో ఇంతెత్తున రాసి పెట్టాను. పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించే వాళ్ల సంగతి కూడా చెప్పాను, మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు, అలా కాల్ వస్తే పెట్టేయడమే.

అందరూ టచ్ ఫోనుకు మారాలని నేను అనడం లేదు. కళ్లు సరిగా ఆనని వాళ్లు, ఇష్టం లేని వాళ్లు బటన్ల ఫోనే వాడుకోవచ్చు. ఇంటర్నెట్ లేకుండా *99# కొట్టి డబ్బు పంపుకోవచ్చు, 2022 మార్చిలో బటన్ల ఫోన్ల కోసమే యూపీఐ 123పే అని కూడా తెచ్చారు. డేటా లేకుండా కాల్స్‌కు మాత్రమే పనికొచ్చే రీచార్జి ఉండాలని ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలకు చెప్పింది, ఇప్పుడు అవి ఉన్నాయి. అయినా మా ఊళ్లో డేటా వాడని ముసలివాళ్లు ఇంకా డేటా ప్యాకే వేయించుకుంటున్నారు, అడిగితే "షాపు పిల్లోడు ఏది వేస్తే అదే" అంటారు.

ఇప్పుడు నేను అడిగేది చెబుతాను. మా గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు ఉన్నారు, మంచి కుర్రాడు, కానీ పగలంతా సర్టిఫికెట్ల పనే సరిపోతుంది. నెలకు రెండు సాయంత్రాలు, కూలిపనులు అయ్యాక, ఆ సచివాలయం తలుపులు తెరిచి ఫోను పాఠం పెట్టమని పైనుంచి ఒక ఆదేశం వస్తే చాలు, మాలాంటి వాళ్లం నేర్పడానికి జీతం అడగం. నెల నెలా డ్వాక్రా సంఘాల సమావేశాలు ఎలాగూ జరుగుతాయి, అప్పుల లెక్క అయ్యాక ఒక అరగంట దీనికి ఇవ్వొచ్చు. బ్యాంకులు ఖాతాకు ఫోను నంబరు కలిపేటప్పుడు 1930 అని ఒక చీటీ చేతికివ్వొచ్చు. ఫోను అమ్మే షాపుల వాళ్లకు చేతులెత్తి అడుగుతున్నా, పెద్ద వయసు వాళ్లు మొదటి ఫోను కొంటే పాత నంబర్లు ఎక్కించి, ఎత్తడం పెట్టేయడం వాళ్ల చేతే రెండుసార్లు చేయించి పంపండి, పావుగంట పని. ఇళ్లలో పిల్లలకు కూడా చెప్పాలి, "ఎన్నిసార్లు చెప్పాలమ్మా" అని విసుక్కోకండి. విసుక్కుంటే మేం మళ్లీ అడగం, అడగకుండా ఏదో ఒకటి నొక్కుతాం.

మీకు కూడా ఒక విన్నపం. నెల్లూరు, ప్రకాశం జిల్లా పేజీల్లో వారానికి ఒకసారి, అరచేతంత చోటు ఇవ్వండి. పెద్ద అక్షరాలు, ఒక బొమ్మ, ఒకే ఒక్క పాఠం. కాల్ ఎత్తడం ఒక వారం, నంబరు సేవ్ చేయడం ఇంకో వారం, ఏపీకే ఫైలు ఎలా ఉంటుందో ఇంకో వారం. ఇంగ్లీషు పేర్లు తెర మీద ఎలా కనపడతాయో అలాగే బొమ్మలో చూపించండి, పక్కన తెలుగులో అర్థం రాయండి. చదవడం కొద్దిగానే వచ్చిన వాళ్లు ఆ అరచేతంత కాగితాన్ని కత్తిరించి ఫోను కవరులో పెట్టుకుంటారు. పాఠాలు రాయడానికి మనిషి కావాలంటే నేను రాస్తాను, ఎవరు ఎక్కడ తడబడుతున్నారో వరండాలో వారం వారం చూస్తున్నా.

మా అత్త ఇప్పుడు కొడుకుతో వారానికి మూడుసార్లు మాట్లాడుతోంది. అతను తినే గిన్నెలో ఏముందో చూపించమంటుంది. ఫొటో తీసి పంపడం ఇంకా రాలేదు, వేలు పక్కకు జారి వీడియో మొదలవుతోంది. ఈ శనివారం రాత్రి పాఠం అదే, తన పెరట్లో కాసిన మొదటి గుమ్మడికాయ ఫొటో తానే తీసి కువైట్‌కు పంపాలట.

ఇట్లు,
మీ పాఠకురాలు,
వింజమూరు మండలం,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా